ఎడమచేతి వాటం బల్ల

మా బావ కుడిచెయ్యి అన్నం కలిపేది, బీడీ వెలిగించేది, సైకిల్ హ్యాండిల్ పట్టుకునేది. రొమ్ము ఎత్తు దాటి మాత్రం లేచేది కాదు. దేన్నీ బలంగా ముందుకు తోయలేకపోయేది. ఆ రెండు పనులూ చెయ్యలేని చెయ్యి ఒక వడ్రంగికి ఎంతవరకు పనికొస్తుందో ఆ ఏడాది వానాకాలమంతా నేను లెక్క వేస్తూ కూర్చున్నాను.

ఒక ఇంటి దూలం ఎత్తుతుండగా తాడు జారి ఆయన గోడ మీద నుంచి పడ్డాడు. దవాఖానాలో కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది కానీ భుజం బిగుసుకుపోయింది. అప్పటికి నేను ఖమ్మంలో మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, అప్రెంటిస్ పిలుపు కోసం ఎదురుచూస్తూ అక్కావాళ్ల ఇంట్లో ఉన్నాను. ఊరు సారపాకకు దగ్గర. వెదురు లారీలు మా గడప ముందు నుంచే అక్కడి కాగితం మిల్లుకు పోయేవి. ఇంటి వెనక రేకుల షెడ్డు, అదే బావ పనిచోటు.

చదువు నేర్పిన అలవాటు కొద్దీ ఆయన పనులను వరుసగా రాసుకున్నాను. రంపం ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాడు, కొంచెం వంకర పోయినా కోత పడుతోంది. ఉలిని కుడిచేత్తో నిలబెట్టి ఎడమచేత్తో కొట్టగలడు. కొలత, గీత, బిగింపు, మేకు, అన్నీ సరే. కొయ్యను ముందుకు తోస్తూ చెక్కే రందా మాత్రం కుదరలేదు. దర్వాజ కమ్మికి, అంటే ద్వారబంధం పొడుగు కొయ్యకు, గాడి తీసే రందా అసలే కుదరలేదు. దానికి రెండు చేతుల బలమూ నడుము బలమూ కలవాలి. గాడి లేకుండా దర్వాజ లేదు, తలుపు కూర్చోవడానికి చోటే ఉండదు. మా దగ్గర వడ్రంగిని వడ్రంగిగా నిలబెట్టేది దర్వాజే. మంచాలూ బల్లలూ చేసేవాణ్ని పనివాడంటారు. దర్వాజ నిలబెట్టేవాణ్ని మేస్త్రీ అంటారు.

మిల్లుకు వెదురు తోలే ఒక కాంట్రాక్టరు బావ అంటే అభిమానం ఉన్న మనిషి. తన యార్డు గేటు దగ్గర వాచ్‌మన్ పని ఇస్తానని కబురు పెట్టాడు. దీపావళి దాటాక వచ్చి జవాబు అడుగుతానన్నాడు. మంచి మాటే. ఆ మాట విన్న రోజు బావ షెడ్డులోకి పోయి ఉలులన్నిటికీ నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాడు. అది చూసి అక్క పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

షెడ్డులో ఒక మూలకు దమ్మపేట వైపు రైతు ఒకాయన తెచ్చి పెట్టిన టేకు ఉంది. డిపోలో పర్మిట్ మీద కొన్నది. ఆయన కొత్త ఇంటికి పెద్ద దర్వాజ, తలుపులు చెయ్యాలి. బావ పడకముందే ఒప్పుకున్న పని. దర్వాజ ఎత్తే ముహూర్తం దీపావళికి ముందే పెట్టుకున్నారు. చుట్టాలు వేరే మేస్త్రీకి ఇవ్వమని చెప్తున్నా ఆయన కొయ్య తీసుకుపోలేదు. ఒకసారి వచ్చి చూసి, "నీ మాట మీద ఉన్న మేస్త్రీ. అయితదంటే ఉంచుత, కాదంటే ఇప్పుడే చెప్పు," అన్నాడు. బావ జవాబు చెప్పకముందే నేనే మధ్యలో దూరి, "అయితది పెద్దాయనా," అన్నాను.

ఆయన పోయాక బావ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎట్లయితది బామ్మర్దీ? నువ్వు తోస్తవా రందా?"

"నేనూ తొయ్య, నువ్వూ తొయ్యకు. రందానే తలకిందులు పెడదాం."

నా మనసులో ఉన్నది రౌటరు. డిప్లొమా ట్రైనింగులో ఉన్నప్పుడు, పోత అచ్చుల కోసం కొయ్య నమూనాలు చేసే ఒక ప్యాట్రన్ షాపులో దాన్ని చూశాను. చేతిలో పట్టే చిన్న మోటరు, కొసకు పదునైన బిట్టు. మహా వేగంగా తిరుగుతూ కొయ్యలో గాడి తీస్తుంది, అంచులు గుండ్రం చేస్తుంది, పూలగీతలు వేస్తుంది. మామూలుగా దాన్ని రెండు చేతులతో పట్టి కొయ్య మీద నడపాలి. కానీ దాన్నే తలకిందులు చేసి బల్ల కింద వేలాడదీసి, బిట్టు ఒక్కటే బల్ల మీదికి తొంగి చూసేట్టు పెడితే యంత్రం కదలదు, కొయ్య కదులుతుంది. చేతులు మోయాల్సిన బరువు బల్ల మోస్తుంది. హైదరాబాదు పోయి, పాత మిషన్లు అమ్మే ఒక దుకాణంలో వెతికి ఒక రౌటరు తెచ్చాను. దాన్ని గోనెసంచిలోంచి తీసి చూపిస్తే బావ మొహంలో నవ్వు కనిపించింది, చాలా రోజుల తర్వాత.

"మూడేండ్లు సదివి మోటరును ఉల్టా ఏలాడదీసుడు నేర్సుకున్నవా? గబ్బిలాల కాలేజీల సదివినవా ఏంది?"

బల్ల తయారీ నాకు ఇప్పటికీ ఒక్కో భాగం కళ్ల ముందు ఉంది. పై పలక పూర్తిగా చదునుగా ఉండాలి. పలకలు అతికిస్తే వానాకాలం ఉబ్బి వంగుతాయి. అందుకని ఎక్కడో పీకేసిన ఒక ఫ్లష్ డోరు తెచ్చాను, రెండు వైపులా సన్‌మైకా ఉన్నది. దాని మీద కొయ్య నీళ్ల మీద పడవలా జారుతుంది. కాళ్లు మద్ది కొయ్యవి, కిందికి పోయేకొద్దీ వెడల్పుగా పెట్టాను, తోస్తే కదలకుండా. రౌటరు బిగించడానికి పలకలో చదరంగా కోసి, కరెంటు బోర్డులకు వాడే మందపాటి హైలం షీటును అక్కడ పొదిగాను. ఆ షీటు అంచు మీద వేలు పెట్టి నడిపితే ఎక్కడ పలక ఆగి ఎక్కడ షీటు మొదలైందో తెలియకూడదు. తెలిస్తే కొయ్య అక్కడ తట్టుకుంటుంది. గీకుతూ, కాగితం ముక్కలు కింద పెట్టి ఎత్తుతూ, చివరికి తెలియకుండా చేశాను. బావ కళ్లు మూసుకుని వేలు నడిపాడు. "ఏడున్నది?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు నాకు డిప్లొమా మళ్లీ ఇచ్చినట్టయింది.

బిట్టు వెనక ఒక నిటారు టేకు చెక్క, కొయ్య దానికి ఆనుకుని నడవడానికి. దాన్ని మేం దన్ను అనేవాళ్లం. ఎంత లోతు కోత కావాలంటే దన్నును అంత ముందుకో వెనక్కో జరపాలి. ఒకే కోతలో గాడి అంతా తీయకూడదు. కొంచెం కొంచెం, విడతలుగా. కొయ్యను దన్నుకూ బిట్టుకూ మధ్య ఇరికించి ఎప్పుడూ నడపకూడదు. పొట్టి ముక్కలు అసలు పెట్టకూడదు. పొడుగు కొయ్య మీదే గీతలు తీసి తర్వాత ముక్కలు చేసుకోవాలి.

స్టార్టరు పక్కింటి రైతు ఇచ్చాడు. ఆయన బావి మీద పాత మోటరుది, పచ్చ బటనూ ఎర్ర బటనూ ఉన్న ఇనుప డబ్బా. దాన్ని కావాలని పెట్టాను. మామూలు స్విచ్చయితే కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు మిషను దానంతటది తిరుగుతుంది. ఈ స్టార్టరయితే కరెంటు పోగానే విడిపోతుంది, మళ్లీ పచ్చ బటను నొక్కితేనే మొదలవుతుంది. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసినవాళ్లకు అది ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. ఎర్ర బటను ముందు ఒక పలక వేలాడదీశాను, మోకాలితో నెడితే మిషను ఆగేట్టు. ప్లగ్గు మాత్రం బల్లకు దూరంగా ఎదుటి గోడకు పెట్టాను. ఒకే మనిషి ఒకేసారి ప్లగ్గునూ బిట్టునూ ముట్టే వీలు ఉండకూడదని నా లెక్క.

మొదటి రోజు ఒక వేప కమ్మి పెట్టాం. బావకు దిక్కు చెప్పాను. పై నుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి, బల్ల ముందు నిలబడిన మనిషి కొయ్యను కుడి నుంచి ఎడమకే తొయ్యాలి. అప్పుడు బిట్టు కొయ్యకు ఎదురు నిలిచి కోస్తుంది. ఎడమ నుంచి కుడికి తోస్తే బిట్టే కొయ్యను గుంజుకుని విసిరేస్తుంది. బావ విన్నాడు, తల ఊపాడు, కుడి వైపు నుంచి మొదలుపెట్టాడు. కానీ కుడి నుంచి తొయ్యాలంటే తోసేది కుడిచెయ్యే. సగం దూరం పోయి కొయ్య ఆగింది. ఆగిన చోట బిట్టు తిరుగుతూ కొయ్యను మాడ్చింది, పొగ వచ్చింది. బావ కొయ్యను తీసి, ఆలోచించకుండానే, తనకు బలమున్న చేత్తో తోయడానికి రెండో వైపు నుంచి పెట్టాడు. నేను నోరు తెరిచేలోపు కమ్మి ఆయన చేతిలోంచి పోయి షెడ్డు రేకును కొట్టింది. చప్పుడుకు పక్కింటి గొడ్లు లేచాయి.

ఎవరికీ ఏం కాలేదు. అక్క పరుగెత్తుకొచ్చి ముందు బావ ఎడమచెయ్యి పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటిగా చూసింది. తర్వాత గోడ దగ్గరకు పోయి ప్లగ్గు పీకింది. మిషను వైరు విప్పి చుట్ట చుట్టింది.

"ఒక చెయ్యి దేవుడు తీసిండు తమ్మీ. రెండోది నువ్వు తియ్యకు."

వైరు తీసుకుపోయి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. బావ నవ్వబోయి ఊరుకున్నాడు. ఆయనకూ భయం వేసిందని అప్పుడు తెలిసింది.

తప్పు బావది కాదు. దిక్కు చెప్పాను కదా అని నేను అనుకోవచ్చు, కానీ చెప్పిన మాట చేతిదాకా పోదు. అలిసిపోయిన చెయ్యి తనకు తెలిసిన దారే పడుతుంది. కాబట్టి ఆయన శరీరం దేన్ని సులువుగా చేస్తుందో చూసి, బల్లను దానికి తగ్గట్టు మార్చాలి. అలా గమనిస్తూ ఉన్నాను. ఒక పొద్దున ఆయన ఒంటరిగా ఒక టేకు దుంగను షెడ్డులోకి జరుపుతున్నాడు. ఎడమ అరచెయ్యి దుంగ కొసకు ఆనించి, ఎడమకాలు ముందుకు వేసి, ఒళ్లంతా వాల్చి ముందుకు తోశాడు. దుంగ గీసినట్టు పోయింది. పక్కకు తోయడం ఆయన వల్ల కాలేదు కానీ ముందుకు తోయడంలో ఆయన బలం ఎక్కడికీ పోలేదు. రందా తోసిన బలం అది, చెయ్యి మారిందంతే.

బల్లకు ముందు ఎందుకు నిలబడాలి? కొసన నిలబడితే? కొయ్య లోపలికి పోయే కొసన నిలబడి దన్ను వెంబడి చూస్తే, కుడి నుంచి ఎడమకు అన్నది కాస్తా నేరుగా ముందుకు అవుతుంది. బిట్టుకు దిక్కు మారదు, మనిషికి మారుతుంది. ఫ్లష్ డోరు సన్నగా పొడుగ్గా ఉండటం కలిసొచ్చింది. బల్లను తిప్పి దాని కొస బావకు ఎదురుగా పెట్టాను. మోకాలి పలకను ఆ కొసకు మార్చాను. రౌటరును ఆయన వైపుకు దగ్గరగా జరిపి షీటు మళ్లీ పొదిగాను. అటు నుంచి ఎదురు తోసే చోటే లేకుండా, బల్ల అవతలి కొసను వెనక గోడకు ఆనించాను. పొడుగు కమ్మి బయటకు పోవడానికి గోడకు ఒక కంత కొట్టాం. కంత అవతల, మిల్లులో కాగితం చుట్టలకు లోపల ఉండే గట్టి అట్ట గొట్టంలో ఇనుప పైపు దూర్చి ఒక రోలరు నిలబెట్టాను. తుక్కు కింద అమ్మే గొట్టం అది. బరువైన కమ్మి దాని మీద దొర్లుకుంటూ పెరట్లోకి పోతుంది.

అయితే దీనివల్ల కొత్త చిక్కు వచ్చింది. బిట్టు కొయ్యను వెనక్కి తన్నితే అది ఇప్పుడు నేరుగా వచ్చేది కొసన నిలబడ్డ మనిషి మీదికే. కొంచెం కుడికి జరిగి, ఎడమచెయ్యి ఒక్కటే కొయ్య వరుసలో ఉండేట్టు నిలబడమని చెప్పొచ్చు. చెప్పాను కూడా. కానీ చెప్పడం మీద ఆధారపడొద్దని అప్పటికే తెలిసింది. కొయ్య ముందుకు పోవాలి, వెనక్కి రాకూడదు. అదే తలలో తిరుగుతూ ఉండగా వారం సంతకు పోయాను. అక్కడ గూడెం నుంచి వచ్చిన ఒక ముసలాయన చేపలు పట్టే వెదురు బుట్టలు పెట్టుకుని కూర్చున్నాడు. మూతి దగ్గర సన్నని వెదురు పుల్లలు లోపలికి వాలి ఉంటాయి. చేప వాటిని ఒత్తుకుంటూ లోపలికి పోతుంది. తిరిగి రావాలంటే అవే పుల్లలు అడ్డం నిలబడతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న బుట్టే. ఆ రోజు దాని మూతిలో చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

"ఏ వాగుల పెడ్తవు?" అని ముసలాయన అడిగాడు.

"వాగుల గాదు తాతా. బల్ల మీద."

ఆయన తన భాషలో పక్కనున్న భార్యకు ఏదో చెప్పాడు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు. నేనూ నవ్వి బుట్ట కొనుక్కున్నాను. ఇంటికి తెస్తే బావ అందుకున్నాడు. "ఇంట్ల చేపలకు కరువొచ్చిందా, బల్ల మీద పెంచుతవా?"

ఎండిన వెదురును పలచని బద్దలుగా చీల్చి, ఒక టేకు దిమ్మెలో వాలుగా రంపపు కోతలు పెట్టి, అందులో బద్దలు వరుసగా దిగేశాను. చేతి వేళ్లలా ఉంటాయి. దాన్ని బల్ల మీద, బిట్టుకు కొంచెం ముందే బిగిస్తే కొయ్యను దన్నుకు ఒత్తిపట్టి ఉంచుతాయి. ముందుకు పోతుంటే వంగి దారిస్తాయి, వెనక్కి వస్తే గుచ్చుకుని ఆపుతాయి. బిట్టుకు సరిగ్గా ఎదురుగా మాత్రం పెట్టకూడదు. పెడితే కొయ్యను బిట్టు మీదికి ఒత్తేస్తాయి. దీంతో ఇంకో లాభం కూడా వచ్చింది. కొయ్యను దన్నుకు ఆనించి పట్టే పని రెండో చేతిది. ఇప్పుడు ఆ పని వెదురు వేళ్లు చేస్తాయి. బావకు మిగిలింది ముందుకు తోయడం ఒక్కటే, అది ఆయన ఎడమచేతికి వచ్చు.

కరెంటు లేకుండానే అక్కను షెడ్డులోకి పిలిచాను. కమ్మిని వేళ్ల మధ్య నుంచి సగం దాకా పంపి, "ఎనకకు గుంజు అక్కా," అన్నాను. ఒక చేత్తో గుంజింది. రాలేదు. కొంగు నడుముకు దోపి, కాలు బల్లకు తన్నిపెట్టి రెండు చేతులా గుంజింది. వెదురు కిర్రుమంది కానీ వదల్లేదు.

"మిషనుకంటే గట్టిగ గుంజుతది మీ అక్క," అన్నాడు బావ. "దీనికి ఆగిందంటే దేనికైన ఆగుతది."

అక్క లోపలికి పోయి వైరు తెచ్చింది. దాని మీద ఇంకా బియ్యం పిండి ఉంది. ఇచ్చేటప్పుడు మాత్రం, "చూస్తున్న. ఇంకొక్కసారి గట్ల ఎగిరితే ఈ వైరు గోదావరిలకు పోతది," అంది.

ఆ తర్వాత కోత నున్నగా నడిచింది. కొయ్య చివరి భాగానికి పొడవైన తోపుడు కర్ర, చెయ్యి బిట్టు దరిదాపులకు పోకుండా. కళ్లకు అద్దాలు. చెవుల్లో దూది. భుజం మీది టవలు మేకుకు తగిలించాకే బల్ల దగ్గరకు రావాలి. వేలాడే గుడ్డను బిట్టు పట్టిందంటే మెడ దాకా లాగుతుంది. బిట్టు మార్చేముందు, కొయ్య పొట్టు దులిపేముందు ప్లగ్గు పీకాలి, కరెంటు లేకపోయినా సరే. వీటిని బొగ్గుతో గోడ మీద రాశాను. బావ కింద ఒకటి తన చేత్తో చేర్చాడు. తాగిన నాడు బల్ల ముట్టొద్దు. "గిది మర్సిపోయినవ్ ఇంజినీరు సాబ్," అన్నాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. బావ గోడ దగ్గరకు పోయి ప్లగ్గు పీకి, బల్ల దగ్గరకు వచ్చి బిట్టు మార్చే పనిలో పడ్డాడు. స్టార్టరు ఇచ్చిన పక్కింటి రైతు అప్పుడే వచ్చి ఆ డబ్బా దగ్గర నిలబడి మాట్లాడుతున్నాడు. నేను పెరట్లో రోలరు సరిచేస్తున్నాను, అక్క గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కొంతసేపటికి కరెంటు వచ్చింది. పక్కింటి రేడియో మోగడంతో తెలిసింది. బావ పానా పక్కన పెట్టి, బల్ల మీద ఏమీ లేదని చూసుకుని, గోడ దగ్గరకు పోయి ప్లగ్గు పెట్టాడు.

ఎవరూ పచ్చ బటను నొక్కలేదు. మిషను గయ్యిమని లేచింది.

బావ అదే చేత్తో ప్లగ్గు పీకేశాడు. మోత తగ్గుతూ తగ్గుతూ ఆగింది. నేను పోయి స్టార్టరు చూస్తే, పచ్చ బటను పక్క సందులో ఒక అగ్గిపుల్ల బిగించి ఉంది, బటను లోపలికి నొక్కుకుని ఉండేట్టు.

"నేనే పెట్టిన," అన్నాడు రైతు, మెచ్చుకుంటామని చూస్తూ. "కరెంటు పోయినప్పుడల్ల ఒత్తుడు ఎందుకని. మా బాయి కాడ గట్లనే పెడ్త. కరెంటు రాంగనే అదే నీళ్లు పోస్తది, నిద్ర లేసే పని లేదు."

పంటకు నీళ్లు పెట్టే మనిషికి అది ఉపకారమే. ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటు కోసం కాపలా కాసే అందరి బావుల మీదా అదే అగ్గిపుల్ల ఉంటుంది. ఆయన మా మీద ప్రేమతోనే పెట్టాడు.

"బాయిల చెయ్యి పెడ్తవానె పటేలా, మోటరు తిరుగంగ?" అన్నాడు బావ, నెమ్మదిగా.

"బాయిల ఎందుకు పెడ్త?"

"నేను గీడ పెడ్త. ఇప్పటిదాక గీ బిట్టు మీదనే ఉండె నా చెయ్యి."

రైతు బిట్టును చూశాడు, బావ చేతిని చూశాడు. పోయి అగ్గిపుల్ల తనే పీకి, విరిచి, జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత మా షెడ్డుకు ఎవరు వచ్చినా, "ఆ డబ్బకు పుల్ల పెట్టకుండ్రి," అని ముందుగా చెప్పేది ఆయనే. నేను మాత్రం చెప్పడం మీద వదల్లేదు. బటను చుట్టూ ఉన్న సందును ఆకురాయితో పెద్దది చేశాను, ఏ పుల్ల పెట్టినా నిలవకుండా జారి పడేట్టు.

అక్క ఇదంతా చూసింది. వైరు విప్పి తీసుకుపోతుందని నేను ఎదురుచూశాను. ఆమె చేట కింద పెట్టి లేచి వచ్చి, బల్ల దగ్గర నుంచి ప్లగ్గున్న గోడ దాకా ఒకసారి నడిచింది. అక్కడ నిలబడి చెయ్యి చాపి చూసింది. బిట్టు ఎక్కడా అందలేదు.

"అందుకేనా ఇంత దూరం పెట్టినవ్?"

"అవ్ అక్కా."

"మంచిగ పెట్టినవ్ తమ్మీ," అంది. పోయి మళ్లీ చింతపండు ముందు కూర్చుంది. నా జీవితంలో నేను గీసిన డ్రాయింగులకు తర్వాత చాలామంది పెద్ద ఇంజినీర్లు సంతకాలు పెట్టారు. అక్క చాపిన చెయ్యి అందకపోవడం నాకు వాటన్నిటికంటే పెద్ద సంతకం.

దర్వాజ కమ్ములు ఆ వారంలోనే పెట్టాం. దమ్మపేట రైతు తానే వచ్చి షెడ్డులో ఒక మూల కూర్చున్నాడు. టేకు కమ్మి బరువు చూసి నాకు లోపల బెదురు ఉంది. బావ టవలు మేకుకు వేశాడు. కమ్మి కొసకు ఎడమ అరచెయ్యి ఆనించాడు, ఎడమకాలు ముందుకు వేశాడు. కుడిచెయ్యి నడుము మీద పెట్టుకున్నాడు, షికారుకు పోయేవాడిలా. కమ్మి వెదురు వేళ్లను వంచుకుంటూ లోపలికి పోయింది. బిట్టు మోత మారలేదు, అంటే తోపు ఒకే తీరుగా ఉందని అర్థం. రెండో కొస కంతలోంచి పెరట్లోకి వెళ్లి రోలరు మీద దొర్లింది. ఒక కోత, ఇంకో కోత, దన్ను కొంచెం జరిపి మరో కోత. చివరికి గాడి పూర్తయింది. రైతు లేచి వచ్చి గాడిలో బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు.

"చేతి రందా గీతలు ఏవి మేస్త్రీ?"

"కావాల్నా? రెండు గీకుమంటవా?"

పెద్దాయన నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. తర్వాత కమ్మి ముందు అంచుకు తీగలా సాగే సన్న గీత తీశాం. అది ఒప్పందంలో లేదు. బావ ముచ్చట పడి తీసినది.

ముహూర్తం రోజు నేనూ పోయాను. మామిడాకులు కట్టి, పసుపూ కుంకుమా పెట్టి, దర్వాజను నలుగురు పట్టి లేపుతుంటే బావ ఒక పక్క నిలబడి తూకం గుండు వేలాడదీసి చూశాడు. ఎత్తడంలో చెయ్యి వెయ్యలేడు. ఎవరూ వెయ్యమనలేదు. మేస్త్రీ చేసే పని ఎత్తడం కాదు కదా. ఆగు అని చెప్పడం, ఎంత జరపాలో చెప్పడం, ఇక చాలు అనడం. "చాలు," అన్నాడు. ఇంటివాళ్లు పీట వేసి కూర్చోబెట్టి బట్టలు పెట్టారు. ఆ ఇంటి పెద్దావిడ ఆయన రెండు చేతులూ చాపమంది. ఎడమచెయ్యి ముందుకు వచ్చింది, కుడిచెయ్యి రొమ్ము దాకా వచ్చి దాని పక్కన చేరింది. బట్టలు ఆ రెండిటి మీదా పెట్టింది.

దీపావళి దాటాక కాంట్రాక్టరు జీపులో వచ్చాడు. బావ అప్పుడు ఒక తలుపు కమ్మి నడుపుతున్నాడు. పిలిచాడు, బావ తల తిప్పలేదు. చెవుల్లో దూది ఉన్నా వినిపించే ఉంటుంది. కానీ కొయ్య మధ్యలో ఉన్నప్పుడు తల తిప్పే మనిషి కాదు ఆయన. కాంట్రాక్టరు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. కమ్మి పూర్తిగా అవతలికి పోయింది. బావ మోకాలితో పలక నెట్టాడు. బిట్టు ఆగేదాకా నిలబడ్డాడు. గోడ దగ్గరకు పోయి ప్లగ్గు పీకాడు. అద్దాలు తీశాడు, చెవుల్లో దూది తీశాడు, మేకు మీది టవలు భుజాన వేసుకున్నాడు. అప్పుడు వచ్చి దండం పెట్టాడు.

కాంట్రాక్టరు బల్లను చూసి, వెదురు వేళ్లను చూసి, గోడ కంతలోంచి అవతలికి తొంగి చూసి వచ్చాడు. ఏం అడగాలని వచ్చాడో దాని జవాబు ఆయనకు దొరికింది.

"సరే గాని మేస్త్రీ, గేటు కాడ నీ కోసం తెప్పిచ్చిన కుర్చీ గట్లనే ఖాళీగ ఉన్నది. దాన్నేం జెయ్యాలె?"

"పాతదా కొత్తదా?"

"పాతదే. జర ఊగుతది."

"అయితే పంపు," అన్నాడు బావ. "బిగిచ్చి ఇస్త. ఎవలు కూసున్నా పడొద్దు గద."

రెండు రోజుల తర్వాత వెదురు దింపి తిరిగిపోతున్న లారీ మా ఇంటి ముందు ఆగి ఆ కుర్చీని దింపింది. వెనక కాళ్ల మధ్య అడ్డకర్ర విరిగి ఉంది. బావ కొత్త కర్రను పొడుగు టేకు మీదే గీత తీసి, తర్వాత కోసి, కుర్చీకి దిగేశాడు. దిగేసి, తను కూర్చోకుండా, నన్ను కూర్చోబెట్టి ఊపి చూశాడు. కదల్లేదు.